కోళ్ళ బరువు వృద్ధికి గణిత నమూనాలు: పరామితులను చదివే విధానం

కోళ్ళ పెరుగుదలపై వెలువడే పరిశోధన వ్యాసాల్లోనూ స్నాతకోత్తర సిద్ధాంత గ్రంథాల్లోనూ ఒక పట్టిక తరచుగా కనబడుతుంది. గాంపర్ట్జ్, లాజిస్టిక్, బెర్టలాన్‌ఫీ, రిచర్డ్స్ నమూనాలను వరుసగా పేర్చి, ఒక్కొక్క దాని ఎదుట నిర్ధారణ గుణకాన్ని రాస్తారు. అన్నిటికీ 0.99 పైమాటే ఉంటుంది. వాటిలో మూడవ దశాంశ స్థానంలో ఎక్కువ వచ్చిన నమూనాను ‘ఉత్తమం’ అని ప్రకటించి, దాని నుండి పరిపక్వ బరువును, వృద్ధి మందగించే వయసును లెక్కించి, చివరకు ఏ వయసులో అమ్మాలో, ఏ వయసులో దాణా మార్చాలో సూచన చేస్తారు. ఆ సూచన విస్తరణ విభాగం ద్వారా రైతు వాకిటికి చేరుతుంది. కాబట్టి ఆ పట్టికలోని అంకెలలో వేటిని నమ్మవచ్చు, వేటిని నమ్మరాదు అన్నది కేవలం గణాంక శాస్త్రవేత్తలు తేల్చుకోవలసిన విషయం కాదు.

ఈ నమూనాలలో ఏదీ కోడి కోసం పుట్టినది కాదు. లండన్‌లో జీవిత బీమా లెక్కలు చూసిన బెంజమిన్ గాంపర్ట్జ్ 1825లో మానవ మరణాల రేటుకు ఒక నియమాన్ని ప్రతిపాదించాడు. అది పెరుగుదలను వర్ణించే రేఖగా వాడుకలోకి వచ్చింది ఇరవయ్యవ శతాబ్దంలోనే. లాజిస్టిక్ రేఖను బెల్జియం గణితజ్ఞుడు వెర్‌హుల్స్ట్ 1838లో జనాభా పెరుగుదలకు రాశాడు. బెర్టలాన్‌ఫీ మాత్రం జీవశాస్త్రవేత్త. శరీర నిర్మాణం ఉపరితల వైశాల్యాన్ని బట్టి, క్షయం బరువును బట్టి జరుగుతాయన్న భావనతో 1938లో తన సమీకరణాన్ని నిర్మించాడు. రిచర్డ్స్ 1959లో మొక్కల పెరుగుదలను దృష్టిలో ఉంచుకొని, పై మూడింటినీ ప్రత్యేక సందర్భాలుగా తనలో ఇముడ్చుకొనే నాలుగు పరామితుల రూపాన్ని ఇచ్చాడు. కోడి బరువు కూడా ‘ఎస్’ ఆకారపు రేఖ మీద నడుస్తుంది గనుక ఇవన్నీ దానికి అమరుతాయి. అమరినంత మాత్రాన కోడి శరీరంలో జరిగేదాన్ని అవి వివరిస్తున్నట్లు కాదు.

గాంపర్ట్జ్ నమూనాలోని మూడు అంకెలు

కోళ్ళ విషయంలో ఎక్కువగా వాడే గాంపర్ట్జ్ రూపాన్ని ఇలా రాయవచ్చు:

బ = అ × ఘా(−గ × ఘా(−క × వ))

ఇందులో ‘బ’ బరువు, ‘వ’ వయసు. ‘ఘా’ అంటే సహజ సంవర్గమాన ఆధారమైన 2.718ని కుండలీకరణంలోని సంఖ్యకు ఘాతంగా హెచ్చించడం. ‘అ’ అవధి బరువు, అంటే రేఖ చేరువవుతూ పోయి ఎన్నడూ దాటని బరువు. ‘గ’ పొదిగి బయటపడిన నాటి బరువుకూ అవధి బరువుకూ ఉన్న దూరాన్ని చెబుతుంది. అది ‘అ’ను తొలినాటి బరువుతో భాగించగా వచ్చిన సంఖ్యకు సహజ సంవర్గమానం. ‘క’ పరిపక్వత రేటు. ‘క’ను వృద్ధి రేటు అని రాయడం వాడుకలో ఉన్నా, అది రోజుకు ఎన్ని గ్రాములు పెరిగిందో చెప్పే అంకె కాదు. కోడి తన అవధి బరువు వైపు ఎంత త్వరగా చేరుతోందో చెప్పే అంకె. చిన్న దేహం గల జాతికి ‘క’ ఎక్కువగా, పెద్ద దేహం గల జాతికి తక్కువగా ఉండవచ్చు. రోజువారీ గ్రాముల్లో మాత్రం పెద్ద జాతిదే పైచేయి కావచ్చు.

ఒక ఊహాత్మక కోడిని తీసుకుందాం. పెరటి పెంపకానికి తగిన రకమనీ, తొలినాటి బరువు 36 గ్రాములు, అవధి బరువు 2,400 గ్రాములు, ‘క’ రోజుకు 0.025 అనీ అనుకుందాం. ఇవి ఏ జాతి మీదా కొలిచిన అంకెలు కావు, లెక్క నడవడానికి ఎంచుకున్నవి. అప్పుడు ‘గ’ 4.2 అవుతుంది. రోజువారీ పెరుగుదల గరిష్ఠానికి చేరే మలుపు బిందువు ‘గ’ యొక్క సహజ సంవర్గమానాన్ని ‘క’తో భాగించగా వస్తుంది: 1.435ను 0.025తో భాగిస్తే 57వ రోజు. ఆ నాటి బరువు అవధి బరువులో 36.8 శాతం, అంటే 883 గ్రాములు. ఆ రోజు పెరుగుదల సుమారు 22 గ్రాములు.

ఈ 36.8 శాతం కోడి ఇచ్చింది కాదు, గాంపర్ట్జ్ సమీకరణం ఇచ్చింది. లాజిస్టిక్‌లో మలుపు ఎప్పుడూ అవధి బరువులో సరిగ్గా సగం దగ్గర, బెర్టలాన్‌ఫీలో 29.6 శాతం దగ్గర వస్తుంది. అంటే నమూనాను ఎంచుకున్న క్షణంలోనే మలుపు ఎక్కడ ఉండాలో మనం సగం నిర్ణయించేశాం. రిచర్డ్స్ నమూనా ఈ నిష్పత్తిని కూడా దత్తాంశాల నుండే రాబట్టడానికి ప్రయత్నిస్తుంది. అందుకు ప్రతిఫలంగా ఎక్కువ కొలతలు, ఎక్కువ వయసు వరకు కొలతలు అడుగుతుంది. ఆరేడు తూకాలతో దాన్ని అమర్చబోతే గణన ఒక చోట నిలవదు; నిలిచినా ప్రామాణిక దోషాలు పరామితులంత పెద్దవిగా వస్తాయి.

42వ రోజు దగ్గర ఆగిన తూకాలు

మన ఊహాత్మక కోడి నిజంగా గాంపర్ట్జ్ రేఖ మీదే పెరుగుతోందనీ, పరిశోధకుడు మాత్రం 14, 28, 42 రోజుల తూకాలనే తీసుకున్నాడనీ అనుకుందాం. ఆ మూడు బిందువుల గుండా లాజిస్టిక్ రేఖనూ, బెర్టలాన్‌ఫీ రేఖనూ కచ్చితంగా పోనిచ్చి, ముందూ వెనకా ఏమవుతుందో లెక్కించాను. మూడు బిందువులకు మూడు పరామితులు గనుక చేతి లెక్కతోనే సాధ్యం. లాజిస్టిక్‌కు బరువుల విలోమాలు, బెర్టలాన్‌ఫీకి ఘనమూలాలు తీసుకొని, వరుస తేడాల నిష్పత్తి చూస్తే చాలు. బరువులు గ్రాముల్లో:

| వయసు (రోజులు) | గాంపర్ట్జ్ | లాజిస్టిక్ | బెర్టలాన్‌ఫీ |
|---|---|---|---|
| 0 | 36 | 45 | 30 |
| 14 | 124 | 124 | 124 |
| 21 | 200 | 198 | 201 |
| 28 | 298 | 298 | 298 |
| 35 | 417 | 421 | 415 |
| 42 | 552 | 552 | 552 |
| 56 | 852 | 767 | 878 |
| 84 | 1,435 | 925 | 1,698 |
| 112 | 1,859 | 946 | 2,650 |
| అవధి బరువు | 2,400 | 949 | సుమారు 10,900 |

14 నుండి 42 రోజుల మధ్య మూడు రేఖల తేడా రెండు శాతం లోపే. క్షేత్రంలో కోడికీ కోడికీ మధ్య ఉండే తేడా ముందు, తూకపు యంత్రం దోషం ముందు అది లెక్కలోకి రాదు. నిర్ధారణ గుణకం మూడింటికీ దాదాపు ఒకటే వస్తుంది. కానీ 84వ రోజు బరువు అడిగితే ఒక రేఖ 925 అంటుంది, మరొకటి 1,698 అంటుంది. అవధి బరువు అడిగితే ఒకటి కిలో లోపు కోడిని, మరొకటి దాదాపు 11 కిలోల కోడిని చూపుతుంది! పెరుగుదల మందగించే వయసు గాంపర్ట్జ్ ప్రకారం 57వ రోజు అయితే, లాజిస్టిక్ ప్రకారం 38వ రోజే. ‘38 రోజుల తరువాత ఈ రకం పెరుగుదల తగ్గుతుంది, అప్పటికి అమ్మకానికి సిద్ధం కావాలి’ అని ఒక కరపత్రం చెబితే, అందులోని 38 అనే అంకె కోళ్ళను తూచి తెలుసుకున్నది కాదు. లాజిస్టిక్ సమీకరణంలో మలుపు సగం దగ్గర ఉంటుంది గనుక వచ్చినది.

తూకాలు మలుపు బిందువును దాటి, రేఖ వంగుతున్నట్లు కంటికి కనబడేదాకా కొనసాగనప్పుడు అవధి బరువు ఒక అంచనా కాదు, అది ఊహ. బ్రాయిలర్ల విషయంలో ఈ ఇబ్బంది మరింత. అవి అయిదారు వారాలకే అమ్ముడుపోతాయి, మలుపు అమ్మకపు వయసుకు దగ్గర్లోనే ఉంటుంది. వాణిజ్య మంద తూకాలతో ‘బ్రాయిలర్ పరిపక్వ బరువు’ అని ప్రకటించడం కంటే, కొలిచిన వయసుల పరిధిలో బరువును, రోజువారీ పెరుగుదలను చెప్పి ఊరుకోవడం మేలు. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలకాలయం రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి పెరటి రకాలలోనూ, మన ప్రాంతపు అసీల్ జాతిలోనూ పరిస్థితి భిన్నం. అవి నెలల తరబడి పెంపకంలో ఉంటాయి గనుక 20 వారాలు, ఇంకా ఆపైన కూడా తూచే అవకాశం ఉంది. ఆ అవకాశాన్ని వాడుకోకుండా ఎనిమిది వారాలకే ప్రయోగం ముగించి నమూనా అమర్చడం దత్తాంశాలకు అన్యాయమే.

పట్టికలో తొలి వరుస కూడా గమనించదగినది. సున్నా రోజు దగ్గర మూడు రేఖలు 36, 45, 30 అని వేర్వేరుగా చెబుతున్నాయి. తొలినాటి బరువు మన దగ్గర కొలిచి ఉంది కాబట్టి దానితో నమూనాల మధ్య కొంత తేడా పట్టవచ్చు. అయితే ఇక్కడొక జాగ్రత్త అవసరం. పిల్ల తొలినాటి బరువు గుడ్డు బరువును బట్టి ఉంటుంది, సాధారణంగా గుడ్డులో సుమారు మూడింట రెండు వంతులు. పొదిగే యంత్రంలో గడిపిన సమయాన్ని బట్టి, రవాణాలో కోల్పోయిన తేమను బట్టి అది మారుతుంది. మొదటి రోజుల్లో పొట్టలో మిగిలిన పచ్చసొన కరిగిపోతూ ఉంటుంది గనుక బరువు పెరుగుదల రేఖ చెప్పినట్లు నడవదు. తొలినాటి బరువు దగ్గర రేఖను కట్టివేయాలా, వదిలివేయాలా అన్నది ముందే నిర్ణయించుకొని వ్యాసంలో స్పష్టంగా చెప్పాలి.

అమర్చే పని

ఈ సమీకరణాలు పరామితులలో అరేఖీయమైనవి. కాబట్టి సూత్రంలో అంకెలు వేసి ఒకేసారి జవాబు తీయలేము. తొలి అంచనాలు ఇచ్చి, కనిష్ఠ వర్గాల మొత్తం తగ్గుతూ పోయేలా పునరావృత గణన చేయాలి. లెవెన్‌బర్గ్ 1944లో, మార్‌క్వార్ట్ 1963లో ఇచ్చిన పద్ధతి నేటికీ చాలా సాఫ్ట్‌వేర్లలో ఈ పని చేస్తోంది. తొలి అంచనాలు చెడ్డవైతే గణన దారి తప్పుతుంది. విద్యార్థులు ఎక్కువ సమయం పోగొట్టుకొనేది ఇక్కడే.

గాంపర్ట్జ్‌కు తొలి అంచనాలు పొందడం కష్టం కాదు. అవధి బరువును చివరి తూకం కంటే కొంత ఎక్కువగా ఊహించి, దాన్ని ప్రతి బరువుతో భాగించి, రెండు సార్లు సహజ సంవర్గమానం తీస్తే వయసుతో సరళరేఖ వస్తుంది. దాని వాలు ‘క’కు రుణ విలువ. మన ఉదాహరణలో 140వ రోజు బరువు 2,114 గ్రాములు. అవధి బరువు 2,200 అని ఊహించామనుకుందాం. 28వ రోజు 298 గ్రాములకు రెండు సార్లు సంవర్గమానం 0.692, 84వ రోజు 1,435 గ్రాములకు −0.850. తేడా 1.542ను 56 రోజులతో భాగిస్తే 0.0275 వస్తుంది. అసలు విలువ 0.025కు ఇది చాలినంత దగ్గర. ఇక్కడి నుండి సాఫ్ట్‌వేర్ మిగతా దారి తానే నడుస్తుంది. ఉచితంగా లభించే ‘ఆర్’లో గాంపర్ట్జ్‌కు, లాజిస్టిక్‌కు తొలి అంచనాలను తామే వెతుక్కొనే ప్రమేయాలు కూడా ఉన్నాయి. ఎక్సెల్‌లోని సాల్వర్‌తోనూ పరామితులు వస్తాయి గాని, వాటి ప్రామాణిక దోషాలు రావు. ప్రామాణిక దోషం లేని అవధి బరువును ప్రచురించకూడదన్నది నా అభిప్రాయం; పై పట్టిక చూసిన వారికి కారణం మళ్ళీ చెప్పనక్కర లేదు.

గణన పూర్తయ్యాక మొదట చూడవలసినది నిర్ధారణ గుణకం కాదు, అవశేషాల చిత్రం. కోడి బరువు పుట్టిన నాటి నుండి పరిపక్వత వరకు అరవై, డెబ్బై రెట్లు పెరుగుతుంది. వయసుతో ఇంతగా మారే దత్తాంశాలకు ‘ఎస్’ ఆకారంలో ఉన్న ఏ రేఖ గీసినా గుణకం 0.99 దాటుతుంది. అవశేషాలు వయసుతో పాటు కొంతకాలం పైన, కొంతకాలం కింద వరుసగా నిలిస్తే రేఖ ఆకారమే సరిపడలేదని అర్థం. గుణకం ఈ లోపాన్ని దాచిపెడుతుంది. నమూనాలను పోల్చడానికి అకైకే సూచికనో, బేస్ సూచికనో వాడటం మేలు. అవి పరామితుల సంఖ్యకు తగిన మూల్యం వసూలు చేస్తాయి. అయితే బరువుల మీద అమర్చిన నమూనా సూచికనూ, బరువుల సంవర్గమానాల మీద అమర్చిన నమూనా సూచికనూ నేరుగా పోల్చరాదు.

సంవర్గమానం ప్రస్తావన ఎందుకు వచ్చిందంటే, మందలో బరువుల చెదురు వయసుతో పెరుగుతుంది. ప్రామాణిక విచలనం సగటు బరువులో పది శాతం అనుకుంటే, 124 గ్రాముల దగ్గర అది 12 గ్రాములు, 2,114 గ్రాముల దగ్గర 211 గ్రాములు. వర్గాలు చేస్తే తేడా సుమారు 290 రెట్లు. సాధారణ కనిష్ఠ వర్గాల పద్ధతిలో చివరి వారాల తూకాలే రేఖను తమ వైపు లాక్కుంటాయి. తొలి వారాల సంగతి రేఖకు పట్టదు. అందుకే చిన్న వయసులో అంచనా బరువు అసలు దానికి రెట్టింపుగా రావడం చూస్తుంటాం. చెదురును బట్టి భారాలు వేయడం గాని, సంవర్గమానాల మీద అమర్చడం గాని దీనికి పరిష్కారం.

మరొక చిక్కు ఒకే కోడిని పదేపదే తూచడం వల్ల వస్తుంది. నాలుగవ వారం మందలో బరువైన కోడి అయిదవ వారంలోనూ బరువుగానే ఉంటుంది. ఆ రెండు తూకాలు స్వతంత్రమైనవి కావు. 50 కోళ్ళను పది సార్లు తూచి 500 పరిశీలనలుగా లెక్కిస్తే ప్రామాణిక దోషాలు లేనిపోని చిన్నవిగా వస్తాయి, రెండు రకాల మధ్య లేని తేడా ఉన్నట్లు తేలుతుంది. వారపు సగటులను తీసుకొని ఒకే రేఖ అమర్చినా మరో విధమైన పొరపాటు జరుగుతుంది. ముందు పెరిగే కోళ్ళు, వెనుక పెరిగే కోళ్ళు కలిసిన మందలో సగటు రేఖ ఏ ఒక్క కోడి రేఖ కంటే కూడా చదునుగా ఉంటుంది. కాలి పట్టీ సంఖ్యతో ఒక్కొక్క కోడి తూకాలు ఉంటే, కోడికి కోడికి మారే పరామితులను అనుమతించే మిశ్రమ ప్రభావాల నమూనా తగినది. పుంజులనూ పెట్టలనూ వేరుగా అమర్చడం మాత్రం ఎలాంటి సాఫ్ట్‌వేర్ ఉన్నా లేకపోయినా తప్పనిసరి.

పెరటిలో తూకం

ప్రయోగశాల మందకు, గ్రామంలో రైతు ఇంటి మందకు ఉన్న తేడా గణితంలో కనబడదు. రైతు ముందుగా అమ్మేది బరువైన పుంజులను. పండుగ ముందు వారంలో మందలో మిగిలినవి చిన్నవి, పెట్టలు. ఆ తరువాతి తూకంలో సగటు పెరగకపోవడం, ఒక్కోసారి తగ్గడం కూడా జరుగుతుంది. దానికి రేఖ అమర్చితే అవధి బరువు తక్కువగా, ‘క’ ఎక్కువగా వస్తాయి. ‘ఈ రకం త్వరగా పరిపక్వమవుతుంది’ అనే తప్పుడు నిర్ణయానికి దారి తీస్తాయి. అమ్మిన ప్రతి కోడి చివరి తూకాన్ని, తేదీని నమోదు చేయడం, చివరి వరకు ఉన్న కోళ్ళతో విడిగా మరొకసారి అమర్చి చూడడం అవసరం.

పట్టుకొనే పద్ధతి వల్ల కూడా మచ్చు వక్రిస్తుంది. ఆవరణలో పరుగెత్తుతున్న కోళ్ళలో చేతికి చిక్కేవి మందకొడివి. రాత్రి గూటిలో ఉన్నప్పుడు, లేదా ఒక మూల అడ్డు కట్టి అందులో చేరినవాటన్నిటినీ తూచడం మేలైన పద్ధతి. తెల్లవారగానే, మేతకు వదలక ముందే తూచితే మెడ కింద సంచిలో నిలిచిన గింజల బరువు కలవదు. ప్రతిసారీ అదే సమయానికి తూచడం ఇంకా ముఖ్యం.

అమ్మకపు వయసు గురించి కూడా ఒక మాట. మలుపు బిందువే అమ్మకానికి సరైన వయసు అన్న భావన విద్యార్థుల్లో బలంగా ఉంది. మలుపు తరువాత రోజువారీ పెరుగుదల తగ్గడం మొదలవుతుంది, నిజమే. కాని అది ఇంకా అప్పటివరకు ఉన్న సగటు కంటే ఎక్కువగానే ఉంటుంది. మన ఉదాహరణలో 84వ రోజు పెరుగుదల 18.4 గ్రాములు, అప్పటివరకు రోజువారీ సగటు 16.7 గ్రాములు. రెండూ సమానమయ్యేది 13వ వారం చివర, 16.7 గ్రాముల దగ్గర. 112వ రోజుకు పెరుగుదల 11.9కు పడిపోతుంది, సగటు 16.3. రోజుకు సగటు బరువు గరిష్ఠంగా కావాలంటే 57వ రోజు కాదు, దాదాపు 91వ రోజు వరకు ఆగాలి. అదైనా దాణా ఖర్చును, ధరను లెక్కలోకి తీసుకోని జవాబే. ఇంటి మిగులు, పురుగూ గింజా తిని పెరిగే పెరటి కోడికి ఒక లెక్క, కొన్న దాణా మీద పెరిగే కోడికి మరొక లెక్క. పుంజుకు బరువును మించిన ధర పలికే సందర్భాల్లో ఈ రేఖకు అసలు ప్రమేయమే ఉండదు.

పరామితులను ఇతరుల ఫలితాలతో పోల్చేటప్పుడు ప్రమాణాలు చూడాలి. రోజుకు 0.025 అన్నా, వారానికి 0.175 అన్నా ఒకటే రేఖ. ప్రమాణం రాయకుండా రెండు వ్యాసాల ‘క’లను పక్కపక్కన పెడితే ఒక రకం మరొక రకం కంటే ఏడు రెట్లు వేగంగా పెరిగినట్లు కనబడుతుంది. అలాగే అవధి బరువుకూ ‘క’కూ మధ్య బలమైన రుణ సహసంబంధం చూపి, దాన్ని ‘పెద్ద జాతులు నెమ్మదిగా పరిపక్వమవుతాయి’ అనే జీవసత్యంగా వ్యాఖ్యానించడం తరచు జరుగుతుంది. అది కొంత నిజం కావచ్చు. కాని తూకాలు త్వరగా ఆగిపోయిన ప్రతి చోటా, అంచనా గణనే ఈ రెండింటిని వ్యతిరేక దిశల్లో కదిలిస్తుంది. అవధి బరువును 2,400 బదులు 2,200 అనుకోగానే ‘క’ 0.025 నుండి 0.0275కు లేచిన సంగతి పైన చూశాం; అక్కడ కోడి ఒక్కటే, మారింది మన ఊహ మాత్రమే. పరామితులతో పాటు వాటి మధ్య సహసంబంధాన్ని, తూకాలు తీసిన వయసుల పరిధిని, ప్రతి వయసులో తూచిన కోళ్ళ సంఖ్యను, సగటును, ప్రామాణిక విచలనాన్ని కూడా అనుబంధంగా ముద్రిస్తే, మరొక పరిశోధకుడు తనకు తోచిన నమూనాను అవే అంకెల మీద అమర్చి చూసుకోగలుగుతాడు.